ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయమే వాళ్ల పెట్టుబడి

పిల్లల్ని ఇంటర్నెట్ ప్రమాదాల నుంచి ఎలా కాపాడుకోవాలని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: ఫోన్ ఇవ్వకండి, ఇచ్చినా గంటకు మించి చూడనివ్వకండి. ఐదారేళ్ల పిల్లల విషయంలో ఆ సలహాకు తిరుగులేదు. కానీ పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు పొంచి ఉన్న అసలు ప్రమాదం, ఫొటోలు చేతికి చిక్కించుకుని చేసే బెదిరింపు, గంటల లెక్కకు అందేది కాదు. రోజుకు అరగంట మాత్రమే ఫోన్ పట్టుకునే పిల్లకైనా, పిల్లాడికైనా అది ఎదురుకావచ్చు. సాయంత్రం మొదలై ఆ రాత్రికే ముదిరిపోవచ్చు.

2022 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో అదే జరిగింది. పదిహేడేళ్ల కుర్రాడు. రాత్రిపూట ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి ప్రొఫైల్ నుంచి పలకరింపు వచ్చింది. మాటలు కలిశాయి, నగ్నంగా ఉన్న ఫొటో అడిగింది, నమ్మి పంపాడు. వెంటనే గొంతు మారింది. డబ్బు పంపకపోతే ఆ ఫొటోను నీ ఇంట్లోవాళ్లకూ, స్నేహితులకూ పంపుతామని బెదిరింపు. వెయ్యి డాలర్లు అడిగితే తన దగ్గరున్న 300 డాలర్లు పంపాడు. అక్కడితో ఆగలేదు, ఇంకా కావాలన్నారు. తెల్లారేసరికి ఆ అబ్బాయి ప్రాణాలతో లేడు. మొదటి పలకరింపుకూ చివరి మెసేజ్‌కూ మధ్య ఆరు గంటలు కూడా గడవలేదు. ఆ అమ్మాయి ప్రొఫైల్ హ్యాక్ చేసిన అకౌంట్. దాని వెనక ఉన్నది నైజీరియాలోని లాగోస్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల వలలో పడినవాళ్లు వందమందికి పైనే ఉన్నారని విచారణలో తేలింది. వాళ్లను అమెరికాకు రప్పించి, 2024 సెప్టెంబరులో ఒక్కొక్కరికి 17 ఏళ్ల 6 నెలల జైలుశిక్ష వేశారు.

ఈ కేసును ముందు పెట్టడానికి కారణం ఉంది. ఆ అబ్బాయి తన ఇంట్లోనే, తన గదిలోనే ఉన్నాడు. తలుపు తీసి పెద్దవాళ్లను లేపితే ఆ బెదిరింపుకు అక్కడే విలువ పోయేది. లేపలేకపోయాడు. లేపలేడని అవతలివాళ్లకు తెలుసు. ఈ నేరమంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

వల ఎలా వేస్తారు

ఇలా నగ్నచిత్రాలు చేతికి చిక్కించుకుని బెదిరించి గుంజడాన్ని సెక్స్‌టార్షన్ అంటున్నారు. మన దగ్గర పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. తెలియని నంబర్ నుంచి వీడియో కాల్ వస్తుంది, ఎత్తగానే తెర మీద బట్టల్లేని మనిషి కనిపిస్తుంది, అవతల రికార్డింగ్ నడుస్తూ ఉంటుంది. రాజస్థాన్, హర్యానా సరిహద్దుల్లోని మేవాత్ ప్రాంతపు ముఠాలు ఈ పద్ధతిలో దేశమంతటా జనాన్ని పీల్చాయి. కొన్నాళ్లకు ‘సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, ఆ అమ్మాయి చనిపోయింది, నీ మీద కేసు’ అంటూ మరో కాల్ చేసి మళ్లీ గుంజడం దీనికి కొనసాగింపు. నలభై యాభై ఏళ్లవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా బయటికి చెప్పుకోలేక లక్షలు కట్టారు. అలాంటప్పుడు పదోతరగతి పిల్లాడు ఎంత వణికిపోతాడో ఊహించుకోవచ్చు.

పిల్లల దగ్గర ఇది సాగే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు రిక్వెస్ట్ వస్తుంది. ఆ ప్రొఫైల్‌కు మీ పిల్లాడి క్లాస్‌మేట్లు ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌గా కనిపిస్తారు, ఎందుకంటే వాళ్ల రిక్వెస్టులే ముందు ఒప్పించుకుని ఉంటారు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లే కదా అనుకుంటాడు. కాసేపటికి ‘ఇక్కడ వద్దు, టెలిగ్రామ్‌కో స్నాప్‌చాట్‌కో రా’ అంటారు. ఇన్‌స్టాగ్రామ్ నిఘా నుంచి పక్కకు లాగడమే దాని ఉద్దేశం. తర్వాత వాళ్లే ముందు ఒక ఫొటో పంపుతారు. అది ఎవరిదో, ఎక్కడో దొంగిలించింది. ‘నేను పంపాను కదా, ఇక నువ్వు’ అంటారు. ఒక్కటి చేతికి చిక్కితే చాలు, మీ పిల్లాడి ఫాలోవర్ల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. అందులో పెద్దమ్మ కొడుకు ఉంటాడు, ట్యూషన్ సార్ ఉంటాడు, పక్కింటి అక్క ఉంటుంది. పది నిమిషాలు టైమిచ్చి అంకెలు లెక్కపెడతారు. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకపోవడమే వాళ్ల ఆయుధం.

డబ్బు కోసం సాగే ఈ వేగవంతమైన రకానికి ఎక్కువగా బలవుతున్నది పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల మగపిల్లలు. ‘మాకు ఆడపిల్లలు లేరు, భయం లేదు’ అనుకునే ఇళ్లు ఈ సంగతి గట్టిగా పట్టించుకోవాలి.

రెండో రకం నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని గ్రూమింగ్ అంటారు. ఇక్కడ అవతలి మనిషికి డబ్బు అవసరం లేదు. గేమ్‌లో పరిచయమవుతాడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో డైమండ్లు కొనిపెడతాడు, బీజీఎంఐలో యూసీ (ఆ గేమ్‌లో చెల్లే డబ్బు) పంపుతాడు. ఇంట్లో తిట్టినరోజున ఓపిగ్గా వింటాడు. ‘మీ నాన్నకు నీ విలువ తెలీదు’ అంటాడు. మధ్యలో చిన్న పరీక్ష పెడతాడు: ‘ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనీ.’ ఆ మాట ఇంట్లో బయటపడితే తప్పుకుంటాడు, పడకపోతే ఇంకో అడుగు వేస్తాడు. నెలల తరబడి ఇలా సాగాక మొదటి ఫొటో అడుగుతాడు. ఆ తర్వాత అది ఒక్క ఫొటోతో ఆగదు. అప్పటికి ఆ పిల్లకు అతను అపరిచితుడు కాడు. ‘తెలియనివాళ్లతో మాట్లాడొద్దు’ అని మనం చెప్పే జాగ్రత్త ఈ రకం దగ్గర పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే. పిల్లల దృష్టిలో తెలియనివాళ్లంటే మొన్న రిక్వెస్ట్ పెట్టినవాళ్లు. నాలుగు నెలలుగా రోజూ మాట్లాడుతున్నవాడు స్నేహితుడు. అందుకే మనిషి తెలుసా తెలీదా అని అడగడం కన్నా, ‘ఇంట్లో చెప్పొద్దు అని ఎవరైనా అన్నారా’ అని అడగడం ఎక్కువ ఉపయోగం. ఎనిమిదేళ్ల పిల్లలకు కూడా ఈ ప్రశ్న అర్థమవుతుంది.

పిల్లలు ఎందుకు నోరు విప్పరు

చిక్కుకున్న పిల్లలకు మూడు భయాలు ఉంటాయి. ఫోన్ లాక్కుంటారన్నది మొదటిది. మనకు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, స్నేహాలూ క్లాస్ గ్రూపూ అంతా ఆ ఫోన్‌లోనే ఉన్న పిల్లకు అది ఇల్లు కదలకుండా నిర్బంధించినట్టే. నిందిస్తారన్నది రెండోది. ‘నీకు ఫోన్ ఇవ్వడమే మా తప్పు’, ‘నువ్వు ఎందుకు పంపావు’ అన్న మాటలు మనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేస్తాయి. మూడోది అన్నిటికన్నా బరువైనది, పరువు. నలుగురికీ తెలిస్తే అమ్మానాన్న తలెత్తుకోలేరని, అక్క పెళ్లి సంబంధం చెడిపోతుందని, తన వల్ల ఇల్లంతా కుంగిపోతుందని పిల్లలు నిజంగానే నమ్ముతారు. ఆ నమ్మకం వాళ్లకు మన మాటల నుంచే వచ్చింది. ఊళ్లో ఎవరి కూతురి గురించో మనం భోజనాల దగ్గర మాట్లాడుకున్న తీరు వాళ్ల చెవిన పడే ఉంటుంది.

బెదిరించేవాడికి మీ ఇల్లు తెలియదు, మీ ఊరు తెలియదు. ఈ మూడు భయాలు మాత్రం బాగా తెలుసు. వాటి మీదే పందెం కాస్తాడు. కాబట్టి ఏ యాప్ కన్నా, ఏ సెట్టింగ్ కన్నా ముందు ఇంట్లో ఉండాల్సింది పిల్లలకు ఒక నమ్మకం: ఎంత పెద్ద తప్పు చేసినా ఇంట్లో చెప్పవచ్చు అని. ఇది అనునయంగా చెప్పే మాట కాదు. ఈ నేరం నడిచే యంత్రంలో ఆ భయమే ఇంధనం, అది లేకపోతే మిగతాదంతా ఆగిపోతుంది.

ఆ నమ్మకాన్ని ముందే, ఏమీ జరగనప్పుడే, స్పష్టమైన మాటల్లో చెప్పాలి. ‘నీ ఫొటో ఏదైనా ఎవరి చేతికైనా చిక్కి బెదిరిస్తే, రాత్రి రెండింటికైనా సరే నన్ను లేపు. తప్పు నీదైనా సరే. నేను అరవను, ఫోన్ లాక్కోను. ముందు ఇద్దరం కలిసి దాన్ని ఆపుదాం.’ తండ్రి నోటినుంచి ఈ మాట రావడం మన ఇళ్లలో చాలా అవసరం, ఎందుకంటే అమ్మకు చెప్పినా ‘నాన్నకు తెలియనివ్వకు’ అనే చోటే ఎక్కువ విషయాలు ఆగిపోతాయి. నాన్నతో చెప్పలేకపోతే పిన్నితోనో, బాబాయితోనో, పెద్దక్కతోనో చెప్పమని ఒక పేరు కూడా ఇవ్వండి. ఆ పెద్దమనిషికీ ముందే చెప్పి ఉంచండి.

చెప్పినంత మాత్రాన పిల్లలు నమ్మేయరు. చిన్న విషయాల్లో మనం ఎలా ఉన్నామో కొలుస్తారు. స్క్రీన్ పగిలినరోజు, గేమ్‌లో మీ యూపీఐ నుంచి ఐదొందలు పోయినరోజు, యూనిట్ టెస్టు మార్కులు దాచిపెట్టి దొరికినరోజు మనం ఎలా మాట్లాడామో అదే వాళ్లకు కొలమానం. క్రమశిక్షణ వద్దని కాదు. నిజం చెప్పినందుకు శిక్ష, దాచినందుకు శిక్ష రెండూ ఒకేలా ఉంటే ఏ పిల్లాడైనా దాచడమే మేలనుకుంటాడు.

ఫోన్ ఎవరి పేరు మీద ఉంది

కంపెనీలు, ప్రభుత్వాలు తెచ్చే రక్షణలు మన ఇళ్లలోకి వచ్చేసరికి ఎందుకు వీగిపోతాయో చూడాలి. సోషల్ మీడియాకు పదమూడేళ్లు నిండాలన్న నియమం అమెరికాలో 1998లో చేసిన కోప్పా (COPPA) చట్టం నుంచి వచ్చింది. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని ఆ చట్టం చెప్పింది. ఆ తలనొప్పి లేకుండా కంపెనీలు పదమూడు అని గీత గీసేశాయి. ఆ వయసుకు పిల్లల మనసు పక్వమవుతుందని ఎవరూ తేల్చలేదు. వయసు రుజువు కూడా అడగలేదు కాబట్టి, పదేళ్ల పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి అకౌంట్లు తెరిచారు.

ఆ చిన్న అబద్ధం పిల్లలతో పాటే పెరుగుతుంది. పదేళ్లప్పుడు పదమూడని రాసిన పిల్లకు నిజంగా పదిహేనేళ్లు వచ్చేసరికి, ఆ అకౌంట్ లెక్కలో పద్దెనిమిది నిండుతాయి. 2024 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లను తెచ్చింది. వాటిలో ప్రొఫైల్ ముందునుంచే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూముఖం తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ పెట్టలేరు, పదహారేళ్లలోపు పిల్లలు ఈ కట్టుబాట్లను సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మంచి ఏర్పాటే. కానీ లెక్కల్లో మేజరైపోయిన ఆ పదిహేనేళ్ల పిల్లకు ఇవేవీ వర్తించకపోవచ్చు. ఈ రోజే పిల్లల పక్కన కూర్చుని వాళ్ల అకౌంట్‌లో పుట్టినతేదీ ఏముందో చూడండి. తప్పుంటే తిట్టకుండా సరిచేయించండి. ఇంత తక్కువ శ్రమతో ఇంత మేలు చేసే పని ఇంకొకటి లేదు.

రెండో చిక్కు ఇంకా మనదైనది. ఈ రక్షణలన్నీ ఒక పిల్లకు ఒక ఫోన్, ఒక అకౌంట్ ఉంటాయన్న ఊహ మీద కట్టినవి. మన ఇళ్లలో ఎక్కువమంది పిల్లలు వాడేది అమ్మ ఫోన్. 2020లో కరోనా వచ్చి పాఠాలు ఫోన్‌లోకి చేరినప్పుడు పిల్లల చేతికి వచ్చింది అదే. ఇప్పటికీ హోంవర్క్ వచ్చేది అమ్మ వాట్సాప్‌కే. అందులోని యూట్యూబ్, గూగుల్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ ఎదుటి మనిషి ముప్పై అయిదేళ్ల మహిళ అనుకుంటాయి. పైగా చాలా ఇళ్లలో ఫోన్ గురించి ఎక్కువ తెలిసింది పిల్లలకే. అమ్మకు ఓటీపీ చూసి చెప్పేది, యూపీఐ పిన్ కొట్టిపెట్టేది, యాప్ అప్‌డేట్ చేసేది ఏడోతరగతి కూతురే. కాపలా పెట్టాల్సినవాళ్ల తాళంచెవులు పిల్లల దగ్గరే ఉన్నాయి.

దీనికి పూర్తి పరిష్కారం లేదు, కొంత చెయ్యవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండో యూజర్‌ను పెట్టుకునే వీలుంటుంది, పిల్లలకు అది ఇవ్వండి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్లల అకౌంట్ తెరిస్తే యాప్‌లు దించుకోవడానికి మీ అనుమతి అడుగుతుంది. ప్లేస్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిన్ అడగని యూపీఐ లైట్ పిల్లలు వాడే ఫోన్‌లో వద్దు. యూపీఐ పిన్ మీరే కొట్టడం నేర్చుకోండి, అది పిల్లల పని కాకూడదు. రాత్రి పడుకునే ముందు ఇంట్లోని ఫోన్లన్నీ, పెద్దవాళ్లవి కూడా, హాల్లో ఒకచోట చార్జింగ్‌కు పెట్టడం చెప్పుకోదగ్గ రక్షణ. బెదిరింపులు అర్ధరాత్రి ఒంటరిగదిలోనే బాగా పనిచేస్తాయి.

పదిహేనేళ్ల పిల్లల ఫోన్‌లో వాళ్లకు తెలియకుండా నిఘా యాప్ పెట్టడాన్ని మాత్రం నేను సమర్థించను. దొరికిన రోజున పోయే నమ్మకం మళ్లీ రాదు. పిల్లలు రెండో అకౌంట్‌కో, స్నేహితుడి ఫోన్‌కో మారతారు. అక్కడ మీకు ఏమీ కనిపించదు.

మన ప్రభుత్వం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలి, వాళ్ల అలవాట్లను వెంటాడి ప్రకటనలు చూపకూడదు అంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన భాగాల అమలుకు ఏడాదిన్నర గడువు ఇచ్చారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టిక్‌టాక్, యూట్యూబ్ అకౌంట్లు లేకుండా చేసింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి నిషేధాలు కంపెనీల మీద భారం పెడతాయి, అది న్యాయమే. కానీ అమ్మ ఫోన్‌లో అమ్మ అకౌంట్‌తో చూసే పిల్లను ఏ దేశపు చట్టమూ గుర్తుపట్టలేదు.

ఇక హాస్టల్ పిల్లలు. మన రెండు రాష్ట్రాల్లో వేలాది పిల్లలు ఇంటర్ రెండేళ్లూ ఫోన్ ముట్టకుండా కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో గడుపుతారు. అది సురక్షితమని అనుకుంటాం. ఆ తర్వాత ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఒక్కసారిగా కొత్త స్మార్ట్‌ఫోన్, సొంత యూపీఐ, సొంత గది వస్తాయి. పదిహేనేళ్లకు ఇంట్లో మన కళ్ల ముందు పడి లేవాల్సిన చిన్న పొరపాట్లు, పద్దెనిమిదేళ్లకు వేరే ఊళ్లో ఒంటరిగా జరుగుతాయి. సెలవులకు ఇంటికొచ్చిన పదిరోజులూ ఫోన్ ఇచ్చి పక్కన కూర్చుని మాట్లాడటం ఈ పిల్లలకు మరింత అవసరం.

జరిగిపోతే ఏం చెయ్యాలి

పిల్లలు వచ్చి చెప్పిన మొదటి నిమిషంలో మీ ముఖం వాళ్లకు ముఖ్యం. ‘చెప్పి మంచిపని చేశావు’ అన్నది మొదటి మాట కావాలి. ఎందుకు పంపావన్న ప్రశ్న ఆ రాత్రికి వద్దు.

డబ్బు పంపకండి. పంపినవాళ్లను వదిలేయరు, ఇస్తారని తెలిసింది కాబట్టి మళ్లీ అడుగుతారు. ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చెయ్యండి. డబ్బు చేతులు మారేలోపు అవతలి ఖాతాను ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. భయంలో చాట్ అంతా డిలీట్ చేసెయ్యడం పిల్లలు చేసే మొదటి పని. దాన్ని ఆపండి. ప్రొఫైల్ పేరు, దాని లింకు, ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ, బెదిరించిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకున్నాకే ఆ అకౌంట్‌ను యాప్‌లో రిపోర్ట్ చేసి బ్లాక్ చెయ్యండి. ఆ తర్వాత వాళ్లతో ఒక్క మాట కూడా వద్దు. బతిమాలడం కూడా వాళ్లకు ఆశే.

ఫిర్యాదుకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్. మహిళలు, పిల్లలపై నేరాలకు అందులో వేరే విభాగం ఉంది. పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చెయ్యవచ్చు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 1098 పిల్లల హెల్ప్‌లైన్, ప్రాణభయం ఉంటే 112. పిల్లాడు బాగా కుంగిపోయి ఉంటే ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా పడుకోనివ్వకండి. అదే గదిలో మీరూ పడుకోండి. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఫొటో నెట్‌లోకి వెళ్లిపోతుందన్న భయానికి కూడా కొంత మందు ఉంది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన ఫొటోల కోసం అమెరికాలో పిల్లల రక్షణకు పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థ 2023లో ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవను మొదలుపెట్టింది. మన దేశం నుంచీ వాడుకోవచ్చు. ఫొటోను ఎవరికీ పంపాల్సిన పని లేదు. అది మీ ఫోన్‌లోనే ఉంటుంది, దానికి వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తు తయారై ఆ గుర్తు మాత్రమే సంస్థకు వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ వంటివి ఆ గుర్తుకు సరిపోయే ఫొటో తమ వేదికల మీదికి వస్తే పట్టుకుని తీసేస్తాయి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లే మెసేజ్‌లను మాత్రం ఇది అందుకోలేదు. ‘ఇంత ఇస్తే నెట్ నుంచి ఫొటోలన్నీ తీయించేస్తాం’ అంటూ వచ్చే ప్రైవేట్ ఏజెంట్ల జోలికి పోకండి. చాలాసార్లు అది రెండో మోసం.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. సాక్ష్యం కదా అని పిల్ల ఫొటోను బావగారికో, తెలిసిన లాయర్‌కో వాట్సాప్ చెయ్యకండి. అలాంటి ఫొటోలను పంచుకోవడం నేరం. చూడటం, దాచుకోవడం కూడా పోక్సో కింద నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న స్పష్టం చేసింది. పోలీసులకు ఆ ఫోన్ చూపించండి. కాపీలు పెంచకండి.

పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి చాలామంది తల్లిదండ్రులు జంకుతారు, ఆడపిల్ల విషయమైతే మరీ. 2012 నాటి పోక్సో చట్టం ఆ జంకును దృష్టిలో పెట్టుకునే రాసినట్టు ఉంటుంది. అది అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా వర్తిస్తుంది. పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. తల్లిదండ్రులో, పిల్లలు నమ్మే మరొకరో పక్కన ఉండాలి. ఏ కారణంతోనూ రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, స్కూలు, ఊరు మీడియాలో రాకూడదు. నేరుగా స్టేషన్‌కు పోవడం ఇబ్బందైతే జిల్లాల్లోని సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు తోడుగా ఉంటాయి. ఇంకో మాట కూడా ఆ చట్టంలో ఉంది: పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోవడమే నేరం. ‘స్కూలు పేరు చెడిపోతుంది, మనమే సర్దుకుందాం’ అని ఏ ప్రిన్సిపాల్ అయినా అంటే, ఆ మాట చట్టానికి విరుద్ధమని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

పంపని ఫొటోలతోనూ

ఇంతవరకు చెప్పిందంతా పిల్లలు ఒక ఫొటో పంపితేనే మొదలయ్యే కథ. ఇప్పుడు పంపకపోయినా మొదలవుతోంది. 2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో అనే చిన్న పట్టణంలో ఇరవైమందికి పైగా బాలికల నగ్నచిత్రాలు ఫోన్లలో తిరిగాయి. వాళ్లలో పదకొండేళ్ల పిల్లలూ ఉన్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ పంపలేదు. సోషల్ మీడియాలో ఉన్న మామూలు ఫొటోలను ఒక ఏఐ యాప్‌లో వేసి బట్టలు లేనట్టు మార్చారు. చేసినవాళ్లు ఎక్కడి ముఠానో కాదు, అదే ఊరి కుర్రాళ్లు. మరుసటి ఏడాది పదిహేనుమంది మైనర్లకు ఏడాదిపాటు పర్యవేక్షణ శిక్ష పడింది.

ఆ పట్టణంలో తల్లులు చేసిన పని గుర్తుంచుకోదగ్గది. కూతుళ్లను దాచుకోకుండా, మేం ఇంతమందిమి ఉన్నామని ఒకరికొకరు కలిసి బయటికొచ్చి ఫిర్యాదు చేశారు. మన చట్టంలోనూ దీనికి చోటుంది. పిల్లల శరీరాన్ని చూపే బొమ్మను బయటపెడతానని బెదిరిస్తే, ఆ బొమ్మ నిజమైనదైనా, కల్పించినదైనా పోక్సో పదకొండో సెక్షన్ కింద నేరమే. ఏఐ యాప్‌లు పుట్టకముందు, 2012లోనే ఆ మాట రాసి ఉంచారు. ‘అది నేను కాదు’ అని పిల్ల ఏడుస్తుంటే, నిజమా కాదా అని తేల్చాకే ఫిర్యాదు చేద్దామని ఆగనక్కర్లేదు.

మామూలు ఫొటో చాలు అన్నప్పుడు మనం పెట్టే ఫొటోల గురించీ ఆలోచించాలి. ఓణీల ఫంక్షన్ వీడియోలను యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెడుతున్నాం. పన్నెండేళ్ల పిల్ల పేరు, ముఖం, ఊరు, శరీరం ఎదిగిందన్న కబురు కూడా ఆ వీడియోలోనే ఉంటాయి. ఫొటోగ్రాఫర్లు తమ ప్రచారానికి రీల్స్ చేసి పెడుతున్నారు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ‘మా పాప ఫొటో మీ పేజీలో పెట్టకూడదు’ అని చెప్పండి. బంధువులకు చూపాలనుకుంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టుకోవచ్చు. ముందు ఆ పిల్లను అడగండి. వద్దంటే మానెయ్యండి. తన ఫొటో మీద తనకు మాట ఉందని ఇంట్లో నేర్చుకున్న పిల్ల, బయట ఎవరైనా అడిగినప్పుడు కూడా వద్దనగలదు.

మన పిల్లలే ఆ అల్మెంద్రలేహో కుర్రాళ్ల స్థానంలో ఉండవచ్చన్నది తల్లిదండ్రులుగా మనం అస్సలు ఆలోచించని వైపు. క్లాస్ గ్రూప్‌లో ఎవరో అమ్మాయి ఫొటో పడుతుంది. నలభైమందిలో ఒకడు ఇంకో గ్రూప్‌లోకి తోస్తాడు. సరదాకి చేశాడు. పద్దెనిమిదేళ్లలోపు వాడైనా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాల్సి రావచ్చు. ఇంతకన్నా పెద్ద సంగతి, ఆ రాత్రి ఆ అమ్మాయి ఇంట్లో ఏమవుతుందో వాడికి తెలియదు. మగపిల్లలతో ఈ సంగతి విడమర్చి మాట్లాడండి. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపించండి, అప్పుడు ఎవరో తోసిన ఫొటో మీవాడి గ్యాలరీలో తనంతట తాను చేరదు. అలాంటిది వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పి ఉంచండి: తెరవొద్దు, ముందుకు పంపొద్దు, ఎవరు ఎప్పుడు పెట్టారో గుర్తుపెట్టుకో, ఇంట్లో మాకు చెప్పు. మీరు ఆ రోజే క్లాస్ టీచర్‌కూ, ఆ అమ్మాయి తల్లికీ ఫోన్ చెయ్యండి. టీచర్‌కు తెలిసిందంటే పోలీసులకు చెప్పే బాధ్యత చట్టప్రకారం మీతో పాటు ఆమె మీదా పడుతుంది. ఆ అమ్మాయి తల్లితో మాట్లాడేటప్పుడు ఫొటో ఎలా ఉందన్నది చెప్పనవసరం లేదు. టేక్ ఇట్ డౌన్ గురించి, 1098 గురించి చెప్పండి. మీ పాపను ఏమీ అనకండి, ముందు దగ్గరికి తీసుకోండి అని చెప్పండి.